టర్కీ వేటకి మొదటి షాట్‌గన్ ఎలా ఎంచుకోవాలి (అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం)

ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే చాలు ఇదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. "ఆఫీసులో కొలీగ్ ఈసారి స్ప్రింగ్ టర్కీకి (టర్కీ కోడి అనే పెద్ద అడవి పక్షి వేటకి) రమ్మన్నాడు, నా దగ్గర గన్ లేదు, ఏది కొనమంటారు?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసేస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నా.

టైమ్ లేనివాళ్ళకి జవాబు ముందే చెప్పేస్తా. 20 గేజ్ (గొట్టం లావు కొలత) పంప్ యాక్షన్ (ముందున్న పిడిని లాగి నెట్టి తూటా ఎక్కించేది), 3 అంగుళాల ఛాంబర్ (తూటా కూర్చునే చోటు), మార్చుకునే చోక్ (మూతి దగ్గర బిగించే చిన్న గొట్టం) ఉన్న 24 అంగుళాలకి అటూ ఇటూగా ఉండే బ్యారెల్, మెరవని ఫినిష్. చాలామందికి మొదటి గన్‌గా ఇది సరిపోతుంది. కానీ ఏ గన్ కొన్నా దాన్ని పేపర్ మీద కాల్చి చూసుకోకుండా అడవికి వెళ్ళొద్దు. గన్ మీద 300 డాలర్లు ఎక్కువ పెట్టినవాడికంటే ఆ డబ్బుతో తూటాలు కొని రేంజ్‌లో రెండు పూటలు గడిపినవాడే టర్కీని బాధ పెట్టకుండా కొడతాడు, ఇది మాత్రం గట్టిగా చెప్తా.

ఎందుకంటే టర్కీని ఒంటి మీద కొట్టకూడదు. ఈకలు, రెక్కలు, ఛాతీ కండ మందంగా ఉంటాయి, అక్కడ తగిలితే పక్షి ఎగిరిపోయి ఎక్కడో పొదల్లో రోజంతా నరకం పడి చస్తుంది. తల, మెడ, అంతే. అంటే మీ ముందు ఉండేది చిన్న టార్గెట్, దానిమీద ఎక్కువ పెల్లెట్లు (షాట్‌గన్ తూటాలోంచి వచ్చే చిన్న గుండ్లు) పడాలి. షాట్‌గన్ ఎంపిక మొత్తం ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

ముందుగా కావలసినవి

- హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్, మీ రాష్ట్రం హంటింగ్ లైసెన్స్, టర్కీకి విడిగా స్టాంపో ట్యాగో ఉంటే అది కూడా
- అడ్రస్ సరిగ్గా ఉన్న ఐడి, గ్రీన్ కార్డు వాళ్ళయితే ఆ కార్డు
- గన్‌కి సుమారు 350 నుంచి 600 డాలర్లు (పంప్ లేదా సింగిల్ షాట్)
- టర్కీ చోక్ ఒకటి, చవక టార్గెట్ తూటాలు ఒక బాక్స్, రెండు మూడు రకాల టర్కీ తూటాలు
- చెవులకి మఫ్స్, కళ్ళకి గ్లాసెస్
- పెద్ద కాగితాలు, మార్కర్, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ (లేకపోతే రేంజ్‌లో గజాల బోర్డులు ఉంటాయి)
- ఇంట్లో తాళం పెట్టుకునే సేఫ్ లేదా లాకింగ్ క్యాబినెట్

1. గన్ కంటే ముందు మీ వీసా స్టేటస్ చూసుకోండి

ఇది అందరూ వదిలేసే స్టెప్, మనవాళ్ళకి అన్నిటికంటే ముఖ్యమైన స్టెప్. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. దానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, మనకి పనికొచ్చేది ఒకటి: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ మీ దగ్గర ఉండాలి. కాబట్టి వరస ఎప్పుడూ ఇలాగే, ముందు హంటర్ ఎడ్యుకేషన్, తర్వాత లైసెన్స్, ఆ తర్వాతే గన్ షాపు. "ఫ్రెండ్ గన్నే కదా, రేంజ్‌లో ఒకసారి కాలుస్తా" అనుకుంటే అది కూడా ఈ రూల్ కిందికే వస్తుంది, జాగ్రత్త.

ఇంకో ప్రమాదం, లైసెన్స్ గడువు. టెక్సస్‌లో హంటింగ్ లైసెన్స్ మామూలుగా ఆగస్టు 31తో అయిపోతుంది. సీజన్ అయిపోయిందిలే అని రెన్యూ చెయ్యకుండా వదిలేస్తే గన్ మాత్రం మీ ఇంట్లోనే ఉంటుంది, మీ మినహాయింపు మాత్రం పోతుంది. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. తుపాకీ కేసు పడితే డిపోర్టేషన్ దాకా వెళ్ళే అవకాశం ఉంది, అందుకని స్టేటస్ మారుతున్న టైమ్‌లో ఉన్నవాళ్ళు, ఈఏడీ (వర్క్ పర్మిట్ కార్డు) మీద ఉన్నవాళ్ళు ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే కొనండి. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళకి ఈ వీసా గొడవ లేదు.

రాష్ట్రాల రూల్స్ వేరు. న్యూజెర్సీలో షాట్‌గన్ కొనాలన్నా ముందు ఫైరార్మ్స్ పర్చేజర్ ఐడి కార్డు కావాలి, ఇల్లినాయిలో ఫాయిడ్ కార్డు (గన్ ఓనర్ ఐడి) కావాలి. టెక్సస్‌లో అలాంటి కార్డు లేదు, కానీ 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ చెయ్యాల్సిందే, లైసెన్స్‌తో పాటు అప్‌ల్యాండ్ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్ కూడా తీసుకోవాలి.

షాపులో 4473 అనే ఫారం నింపుతారు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవుతుంది. అందులో ఒక్క జవాబు కూడా ఊహించి రాయకండి, అర్థం కాకపోతే అడగండి. స్నేహితుడి డబ్బుతో స్నేహితుడి కోసం మీ పేరు మీద కొనడం నేరం, మొహమాటానికి పోవద్దు.

2. గేజ్ ఎంచుకోండి

గేజ్ నంబర్ తగ్గేకొద్దీ బ్యారెల్ రంధ్రం పెద్దది, అంటే 12 పెద్దది, 20 చిన్నది. .410 మాత్రం గేజ్ కాదు, అంగుళాల కొలత, అది అన్నిటికంటే సన్నం.

పాతకాలం సలహా ఒక్కటే, "12 గేజ్ మూడున్నర అంగుళాలది కొను, కళ్ళు మూసుకుని కొను." ఆ రోజుల్లో సీసం తూటాలే కాబట్టి పెల్లెట్లు ఎక్కువ కావాలంటే తూటా పెద్దది కావాలి. ఇప్పుడు టీఎస్ఎస్ అనే టంగ్‌స్టన్ తూటాలు వచ్చాయి. సీసం సాంద్రత 11 చిల్లర, టంగ్‌స్టన్‌ది 18, బరువు ఎక్కువ కాబట్టి చాలా చిన్న పెల్లెట్ కూడా లోపలికి దిగుతుంది. ఒక ఔన్స్ సీసం 6 నంబర్‌లో (నంబర్ అంటే పెల్లెట్ సైజు) సుమారు 225 పెల్లెట్లు ఉంటే, టీఎస్ఎస్ 9 నంబర్‌లో సుమారు 360 ఉంటాయి. అందుకే 20 గేజ్ ఇప్పుడు పిల్లల గన్ కాదు, పెద్దపెద్ద వేటగాళ్ళే దానికి మారారు.

నా అభిప్రాయం ఇలా:

20 గేజ్ కొనండి, మీకు ఇది మొదటి గన్ అయితే, లేదా ఇంట్లో ఇద్దరు వాడతారంటే. కిక్ తక్కువ, బరువు తక్కువ, రేంజ్‌లో ఎక్కువసేపు ప్రాక్టీస్ చెయ్యగలరు.

12 గేజ్ కొనండి, ఇదే గన్‌తో బాతుల వేటకి, క్లేస్‌కి (గాల్లోకి విసిరే మట్టి పళ్ళేల్ని కాల్చే ఆట) కూడా వెళ్ళాలంటే, లేదా ఖరీదైన టంగ్‌స్టన్ జోలికి పోకుండా సీసంతోనే కొట్టాలనుకుంటే. అందులో కూడా 3 అంగుళాల ఛాంబర్ చాలు. మూడున్నర అంగుళాల తూటా కిక్ మామూలుగా ఉండదు, రెండు కాల్చాక మూడోది కాల్చాలంటే భుజం ముందే వెనక్కి లాగేస్తుంది, అక్కడి నుంచి గురి పోతుంది.

.410 టంగ్‌స్టన్‌తో పనిచేస్తుంది, కానీ మొదటి గన్‌గా వద్దంటా. సీసం తూటాతో అది దగ్గర దూరాలకే, ఆ దూరం దాకా పక్షిని రప్పించడం కొత్తవాళ్ళకి కష్టం. తక్కువ పెల్లెట్ సైజు మీద గానీ .410 మీద గానీ కొన్ని రాష్ట్రాల్లో పరిమితులు ఉంటాయి, రూల్స్ పుస్తకం చూసుకోండి.

3. యాక్షన్ ఎంచుకోండి

పంప్: చవక, గట్టిది, యాక్షన్ తెరిచి చూస్తే లోపల తూటా ఉందో లేదో తెలుసుకోవచ్చు. మాస్‌బర్గ్ 500, రెమింగ్టన్ 870, వించెస్టర్ ఎస్ఎక్స్‌పీ ఇవన్నీ ఈ కోవలోవే. మాస్‌బర్గ్ 500లో సేఫ్టీ బటన్ పైన బొటనవేలి దగ్గర ఉంటుంది, ఎడమచేతి వాటం వాళ్ళకి అది పెద్ద సుఖం.

సెమీ ఆటో: గ్యాస్‌తో నడిచేవి కిక్ కొంచెం తగ్గిస్తాయి, రెండో షాట్‌కి చెయ్యి కదపక్కర్లేదు. కానీ ధర ఎక్కువ, శుభ్రం చెయ్యడం కూడా కొంచెం పనే. డబ్బుకి ఇబ్బంది లేకపోతే తీసుకోండి, తప్పులేదు.

సింగిల్ షాట్: స్టీవెన్స్ 301 టర్కీ లాంటివి. తేలిక, చవక, విప్పి చూస్తే లోపల తూటా ఉందో లేదో కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునే టీనేజ్ పిల్లలకి నేను ఇదే చెప్తా. తేలిక కాబట్టి కిక్ మాత్రం భుజానికి బాగా తెలుస్తుంది, అది గుర్తుంచుకోండి.

4. షాపులో గన్ మీకు సరిపోతుందో లేదో చూసుకోండి

ఇక్కడ కనీసం అరగంట గడపండి. షాపువాడిని ఖాళీ గన్ అడగండి, వాడు చూపించినా సరే మీరు కూడా ఛాంబర్ తెరిచి కళ్ళతో చూడండి, వేలు పెట్టి తడమండి. మూతి ఎవరి వైపూ పెట్టకుండా ఎటు తిప్పమంటే అటే తిప్పండి.

ముందు మీ ఏ కన్ను గట్టిదో తెలుసుకోండి. రెండు చేతులు చాచి వేళ్ళ మధ్య చిన్న కిటికీ చెయ్యండి, దూరంగా ఒక వస్తువుని అందులోంచి చూస్తూ ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచినప్పుడు వస్తువు కిటికీలోనే ఉందో అది మీ డామినెంట్ కన్ను. కుడిచేతి వాటం, ఎడమ కన్ను గట్టిది అయితే బీడ్ (బ్యారెల్ చివర గురికి పెట్టే చిన్న పూస) చూసి కాలిస్తే పక్కకి పోతుంది. అలాంటివాళ్ళు ఎడమ భుజం నుంచి నేర్చుకోవడమో, ఎడమ కన్ను మూసి కాల్చడమో, రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపించే సైట్) పెట్టుకోవడమో చెయ్యాలి. రెడ్ డాట్ పెట్టాలనుకుంటే పైన దానికి రంధ్రాలు గానీ రైలు గానీ ఉన్న మోడల్ చూడండి.

తర్వాత కళ్ళు మూసుకుని గన్‌ని భుజానికి ఆనించి, చెంప స్టాక్ (భుజానికి ఆనే వెనక భాగం) మీద పెట్టి, అప్పుడు కళ్ళు తెరవండి. ముందున్న బీడ్ నేరుగా కనబడితే ఫిట్ బాగుంది. బ్యారెల్ మొత్తం పొడుగ్గా పైనుంచి కనబడుతుంటే స్టాక్ మీకు ఎత్తు, షాట్ పైకి పోతుంది. గన్ వెనక భాగమే అడ్డొస్తుంటే స్టాక్ తక్కువ. గ్రిప్ మీద ఉన్న బొటనవేలికి ముక్కుకి మధ్య రెండు మూడు వేళ్ళ ఖాళీ ఉండాలి, లేకపోతే కాల్చినప్పుడు మీ బొటనవేలే మీ ముక్కుని కొడుతుంది. చాలా గన్స్‌కి స్టాక్ పొడవు పధ్నాలుగు అంగుళాల దగ్గర ఉంటుంది, ఐదు అడుగుల మూడు నాలుగు అంగుళాల మనుషులకి అది పొడుగు. యూత్ మోడల్ లేదా స్పేసర్లు తీసి పొడవు తగ్గించుకునే మోడల్ అడగండి. యూత్ అని పేరు చూసి సిగ్గుపడాల్సిన పని లేదు, సరిపోయిందే మీ గన్.

ఇప్పుడు ఒక పని చెయ్యండి, షాపులో ఇది చేసేవాళ్ళు చాలా తక్కువ. కుర్చీలో కూర్చుని మోకాళ్ళు పైకి పెట్టి గన్‌ని మోకాలి మీద ఆనించి గురి చూడండి. టర్కీ వేటలో నిలబడి కాల్చేది దాదాపు ఉండదు, చెట్టుకి వీపు ఆనించి కూర్చుని, అలాగే అరగంట కదలకుండా ఉండి, ఆ పొజిషన్ నుంచే కాలుస్తారు. 28 అంగుళాల బ్యారెల్ అక్కడ కొమ్మలకి తగులుతుంది, బరువుకి చెయ్యి వణుకుతుంది. మీరు వేసుకునే జాకెట్ వేసుకుని చూస్తే ఇంకా మంచిది.

సెకండ్ హ్యాండ్ అయితే ఇవి చూడండి: బ్యారెల్‌లో సొట్టలు, తుప్పు, చోక్ చేత్తో తిరిగి బయటికి వస్తుందా (ఇరుక్కుపోయిందంటే వదిలేయండి), బ్యారెల్ మీద ఛాంబర్ పొడవు రాసి ఉందా, సేఫ్టీ గట్టిగా పడుతుందా. పాత గన్స్‌లో ఛాంబర్ రెండుముప్పావు అంగుళాలే ఉండొచ్చు, అందులో 3 అంగుళాల తూటా పట్టినట్టే అనిపిస్తుంది కానీ కాలిస్తే ప్రెషర్ పెరిగి ప్రమాదం.

5. చోక్, తూటా కలిపి కొనండి

బ్యారెల్ మూతి దగ్గర బిగించే చిన్న గొట్టం చోక్. కాల్చాక పెల్లెట్లు కళ్ళాపి చల్లినట్టు విచ్చుకుంటూ పోతాయి, చోక్ ఎంత బిగుతుగా ఉంటే అంత ఆలస్యంగా విచ్చుకుంటాయి. టర్కీకి ఫుల్ లేదా ఎక్స్‌ట్రా ఫుల్ వాడతారు. ముందు గన్‌తో వచ్చిన ఫుల్ చోక్‌తోనే కాల్చి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది. కొనాల్సి వస్తే మీ బ్యారెల్ ఏ చోక్ సిస్టమ్‌దో చూసి అదే కొనండి, రెమ్ చోక్ మాస్‌బర్గ్‌లో పట్టదు.

సీసంలో 4, 5, 6 నంబర్లు టర్కీకి వాడతారు, నంబర్ పెరిగేకొద్దీ పెల్లెట్ చిన్నది. నేనైతే సీసంలో 5 లేదా 6తో మొదలుపెట్టమంటా. టంగ్‌స్టన్‌లో 9. టంగ్‌స్టన్ తూటా ఒక్కొక్కటి ఎనిమిది పది డాలర్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ, కాబట్టి ప్రాక్టీస్ మొత్తం చవక తూటాలతో చేసి చివర్లో దాంతో మూడు నాలుగు కాల్చి చూసుకుంటే సరిపోతుంది.

హెచ్చరికలు: చోక్ బిగించకుండా ఎప్పుడూ కాల్చొద్దు, లోపలి మరలు పాడవుతాయి. చోక్ మీద స్టీల్ వద్దని రాసి ఉంటే స్టీల్ తూటా వెయ్యొద్దు. ఇంట్లో 12, 20 రెండూ ఉంటే తూటాలు ఒకే జేబులో, ఒకే సంచిలో పెట్టొద్దు. 20 తూటా 12 బ్యారెల్‌లోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది, ఖాళీ అనుకుని వెనక 12 తూటా పెట్టి కాలిస్తే బ్యారెల్ పేలిపోతుంది. 20 తూటాలు పసుపు రంగులో చేసేది అందుకే.

6. పేపర్ మీద కాల్చి చూడండి

మొత్తం గైడ్‌లో వదలకూడని స్టెప్ ఇదే.

ఎ) పెద్ద కాగితం మధ్యలో చుక్క పెట్టి 25 గజాల దూరంలో కట్టండి. చవక టార్గెట్ తూటాతో, గన్ బెంచ్ మీద సంచికి ఆనించి, రెండు మూడు కాల్చండి. ఇప్పుడు పెల్లెట్లు లెక్కపెట్టక్కర్లేదు, గుంపు మధ్యభాగం చుక్క మీద ఉందా, పైకో పక్కకో పోతుందా అది చూడండి. పక్కకి పోతుంటే ముందు మీ చెంప సరిగ్గా ఆనుతుందా అని సరిచూసుకుని మళ్ళీ కాల్చండి, అప్పటికీ పోతుంటే సర్దుకునే సైట్లు గానీ రెడ్ డాట్ గానీ కావాలి.

బి) టర్కీ తూటా వేసి 40 గజాలకి మారండి. కొత్త కాగితం, ఒక్కో కాగితానికి ఒక్కటే షాట్. కాల్చాక పెల్లెట్లు ఎక్కువ పడ్డచోట 10 అంగుళాల వృత్తం గీసి లోపల ఉన్న రంధ్రాలు లెక్కపెట్టండి. పాతకాలం నుంచి వాడే లెక్క 100. వందకి పైగా ఉంటే, ఆ వృత్తం మీరు గురి పెట్టినచోటే ఉంటే, ఆ దూరం మీది.

సి) వంద రాలేదా? 35కి రండి, 30కి రండి. ఎక్కడ వంద వస్తే అక్కడితో మీ హద్దు. లేదా వేరే తూటా, వేరే చోక్ పెట్టి చూడండి, కానీ ఒకేసారి రెండూ మార్చొద్దు, ఏది పనిచేసిందో తెలియదు. ఒకే గన్‌లో ఒక కంపెనీ తూటా 140 పెట్టి ఇంకోటి 80 పెట్టడం చాలా మామూలు విషయం.

డి) 15 గజాల్లో కూడా ఒకటి కాల్చండి. గుంపు పిడికిలంతే ఉంటుంది. దగ్గరికి వచ్చిన పక్షిని మిస్ చేసేది అందుకే, దగ్గరే కదా అని గురి సరిగ్గా పెట్టరు.

ఇ) చివరగా కాగితం మీద టర్కీ తల మెడ బొమ్మ గీసి, నేల మీద కూర్చుని మోకాలి ఆనుతో కాల్చండి. గురి మెడ కింది భాగంలో, ఈకలు మొదలయ్యేచోట. తలమీద గురిపెడితే సగం పెల్లెట్లు గాల్లోకి పోతాయి.

ఎక్కువగా జరిగే తప్పులు

షాట్ పైకి పోవడం. పక్షిని చూద్దామని చెంప స్టాక్ మీంచి లేపుతారు, అంతే, పైనుంచి పోతుంది. ఇది గన్ తప్పు కాదు.

కిక్‌కి భయపడి ముందే బిగుసుకుపోవడం. దీన్ని చెక్ చెయ్యడం తేలిక, రేంజ్‌లో స్నేహితుడితో మీకు తెలియకుండా డమ్మీ తూటా లోడ్ చెయ్యించండి. ట్రిగ్గర్ నొక్కినప్పుడు పేలకపోయినా గన్ మూతి కిందికి దిగిందంటే మీరు భయపడుతున్నట్టు. అప్పుడు తేలిక తూటాలకి దిగి ప్రాక్టీస్ చెయ్యండి, భుజానికి ప్యాడ్ పెట్టుకోండి.

పంప్‌ని సగం లాగి వదిలెయ్యడం. వెనక్కి మొత్తం గట్టిగా, ముందుకి మొత్తం గట్టిగా లాగాలి. లేకపోతే రెండో తూటా ఎక్కదు. ఇంట్లో డమ్మీ తూటాలతో, అసలు తూటాలు వేరే గదిలో పెట్టి, అలవాటు చేసుకోండి.

దూరం కళ్ళతో అంచనా వెయ్యడం. అడవిలో 50 గజాలు 35 లాగా కనబడుతుంది. కూర్చోగానే చుట్టూ ఉన్న చెట్లకి రేంజ్‌ఫైండర్‌తో కొలిచి ఏ చెట్టు దాకా మీ హద్దో గుర్తు పెట్టుకోండి.

ఎరుపు, తెలుపు, నీలం రంగు బట్టలు. పుంజు టర్కీ తల ఈ రంగుల్లోనే ఉంటుంది, చెట్ల మధ్య మీ ఎర్ర టీషర్టు అంచు చూసి ఇంకో వేటగాడు పొరపడొచ్చు. సాక్స్, కర్చీఫ్ కూడా చూసుకోండి. మీరు కూడా చప్పుడు విని గానీ రంగు చూసి గానీ కాల్చకూడదు, పక్షి మొత్తం కనబడాలి. స్ప్రింగ్‌లో చాలా చోట్ల పుంజులనో, గడ్డం ఉన్న పక్షులనో మాత్రమే కొట్టనిస్తారు, కాబట్టి ఛాతీ మీంచి వేలాడే ఆ వెంట్రుకల కుచ్చు కనబడేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు, పక్షి వెనక ఏముందో కూడా చూసుకోవాలి.

సీజన్‌కి ముందు ఆఖరి చెక్

ఏ చోక్, ఏ తూటా, ఎన్ని గజాలు అని ఒక టేపు ముక్క మీద రాసి స్టాక్‌కి అంటించండి. అదే తూటా ఇంకో బాక్స్ కొని పక్కన పెట్టుకోండి, సీజన్ మధ్యలో దొరకదు. చోక్ వదులయ్యిందేమో, రెడ్ డాట్ స్క్రూలు వదులయ్యాయేమో చూడండి. మీ రాష్ట్రంలో గన్‌లో ఎన్ని తూటాలు ఉండొచ్చో రూల్ చూసుకోండి, కొన్నిచోట్ల మూడుకి మించకుండా ప్లగ్ (ఎక్కువ తూటాలు పట్టకుండా అడ్డుపెట్టే ముక్క) పెట్టాలి. కారులో తీసుకెళ్ళేటప్పుడు తూటాలు తీసి, కేసులో పెట్టి తీసుకెళ్ళండి. ఇంట్లో గన్ ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో, తాళంచెవి పిల్లలకి తెలియని చోట. వేసవి సెలవులకి ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా, పిల్లల ఫ్రెండ్స్ వచ్చినా ఈ పద్ధతి మారకూడదు.